చేత్తో చేసిన నాలుగు రకాల సబ్బులు ఆరు నెలలు వాడాక

ముందే చెప్తున్నా, ఇది ఒక్క సబ్బు గురించిన రివ్యూ కాదు. "హ్యాండ్‌మేడ్" అనే ఒకే మాట కింద అమ్ముతున్న వాటిలో నాలుగు వేర్వేరు పద్ధతుల్లో చేసినవి తెప్పించుకుని, ఒకే బాత్రూంలో, ఒకే నీళ్లతో, ఒకటి అయ్యాక ఇంకొకటి వాడి రాస్తున్నాను. అమ్మినవాళ్ల పేర్లు కావాలనే రాయలేదు, నా గొడవంతా చేసే పద్ధతితోనే. స్నానం అయిన పది నిమిషాలకే ముఖం బిగుసుకుపోయి, ముంజేతి మీద గోటితో గీస్తే తెల్ల గీత పడేది నాకు. ఆ గీత పోతుందా లేదా అన్నదే నేను ప్రతి సబ్బుకీ పెట్టిన పరీక్ష.

మొదట వాడింది అన్నిటికన్నా పాత పద్ధతిది, సిరియాలోని అలెప్పో నగరం పేరుతో పిలిచే ఆలివ్ నూనె, లారెల్ నూనెల సబ్బు. పెట్టె విప్పగానే నిజం చెప్పాలంటే నిరాశే కలిగింది. ఎండిన మట్టిగడ్డ రంగు, అంచులు ఒకదానికొకటి సరిగ్గా లేవు, పైన ఒక ముద్ర, దాని మీద సన్నటి దుమ్ములాంటి పొర. పెద్ద ముక్క కదా అని కత్తితో రెండుగా కోశాను, లోపల చూస్తే ముదురు ఆకుపచ్చ! బయట అర సెంటీమీటరు గోధుమరంగు పొర, ఆ తర్వాత గీత గీసినట్టు పచ్చదనం మొదలవుతుంది. ఈ సబ్బు ఎన్నాళ్లు ఆరిందో ఆ కోత చూస్తే తెలిసిపోతుంది, ఎందుకంటే చేసినప్పుడు మొత్తం పచ్చగానే ఉంటుంది, నెలల తరబడి గాలి తగిలే కొద్దీ బయటి నుంచి లోపలికి రంగు మారుతూ పోతుంది.

దీన్ని ఎలా చేస్తారంటే, పెద్ద బానలో ఆలివ్ నూనె, నీళ్లు, కాస్టిక్ సోడా కలిపి సుమారు మూడు రోజులు ఉడికిస్తారు, చివర్లో లారెల్ కాయల నుంచి తీసిన నూనె పోస్తారు, ఆ ముద్దని నేల మీద పరుపులా పరిచి, గట్టిపడుతుండగా నిలువు గీతలు అడ్డ గీతలు లాగి ముక్కలు చేసి, మధ్యలో గాలి ఆడేలా సందులు వదులుతూ గోపురాల్లా పేర్చి ఆరు నుంచి తొమ్మిది నెలలు వదిలేస్తారు. అంటే నా చేతికొచ్చిన ముక్క నేను కొనేనాటికే ఇంచుమించు ఏడాది పాటు ఎవరో ఒకరి చేతుల మీదుగా నడిచిందన్నమాట. 2024లో యునెస్కో ఈ అలెప్పో సబ్బు తయారీని, పాలస్తీనాలోని నాబ్లుస్ సబ్బు తయారీని రెండింటినీ మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. నాకు ఆ సంగతి సబ్బు కొన్నాకే తెలిసింది, తెలిశాక ఆ వంకర అంచుల్ని చూసే చూపే మారిపోయింది.

వాడకం విషయానికొస్తే, వాసన తియ్యగా ఉండదు. కాస్త పొగ, కాస్త ఏదో ఆకు నలిపినట్టు, మందుల పెట్టె తెరిచినట్టు. ఇంట్లో ఒకరికి అస్సలు నచ్చలేదు, నాకు వారానికి అలవాటైంది, ఇప్పుడు ఇష్టం. నురగ పెద్ద బుడగల్లా రాదు, పలచటి క్రీములా వస్తుంది. ఆలివ్ నూనెలో ఎక్కువ పాలు ఒలీయిక్ ఆమ్లం, దాంతో వచ్చే సబ్బు మృదువుగా ఉంటుంది కానీ నురగలో వెనకబడుతుంది, లారెల్ నూనెలో ఉండే లారిక్ ఆమ్లం ఆ లోటు కొంత పూడుస్తుంది. అందుకే లారెల్ శాతం ఎంతో అడిగి కొనండి, నేను కొన్నదాని మీద 20 శాతం అని ఉంది. పది పన్నెండు రోజులకి నా గీత పరీక్షలో తేడా కనిపించింది, తెల్ల గీత పూర్తిగా పోలేదు గానీ సన్నబడింది. సగం ముక్కే నాకు నెల దాటి వచ్చింది, ఇంత నిదానంగా అరిగే సబ్బు నేనింతవరకు చూడలేదు.

రెండోది కోల్డ్ ప్రాసెస్. ఈ రోజుల్లో ఇళ్లలో, చిన్న చిన్న యూనిట్లలో చేసేవాళ్లలో ఎక్కువమంది పద్ధతి ఇదే. మంట మీద ఉడికించరు, నూనెలు గోరువెచ్చగా ఉండగా కాస్టిక్ సోడా కరిగించిన నీళ్లు పోసి చిక్కబడేదాకా కలిపి అచ్చులో పోస్తారు, మిగతా పని రసాయన చర్యలో పుట్టే వేడే చేసుకుంటుంది. ఒకటి రెండు రోజులకి ముక్కలు కోస్తారు. కోశాక నాలుగు నుంచి ఆరు వారాలు ఆరబెట్టాలి, దాన్నే క్యూరింగ్ అంటారు. నా అసలు గొడవ ఇక్కడే.

నేను తెప్పించిన మొదటి కోల్డ్ ప్రాసెస్ బిళ్ల చూడటానికి ఎంత ముద్దుగా ఉందో చెప్పలేను. తెలుపు, లేత నీలం రంగులు అలల్లా కలిసి, పైన క్రీము పోసినట్టు ముడతలు. మొదటి రోజు నురగ చూసి ఇక ఇదే నా సబ్బు అనుకున్నాను. మూడో రోజుకి సబ్బుపెట్టెకి అంటుకున్న వైపు జావలా అయిపోయింది, బొటనవేలితో నొక్కితే వేలిముద్ర అలాగే నిలిచిపోయింది. పన్నెండో రోజుకి బిళ్లే లేదు. నీళ్లలో నానబెట్టానా అంటే అదీ కాదు, కింద చిల్లులున్న చెక్క స్టాండు మీదే పెట్టాను. అమ్మినామెకి ఫోన్ చేసి "ఏమండీ, ఈ బిళ్ల ఎప్పుడు కోశారు?" అని అడిగాను. కాసేపు ఆగి, "కోసి పది రోజులే అయిందండీ, పాత స్టాక్ అయిపోయింది, ఆర్డర్లు ఆగట్లేదు, అందుకే పంపేశాం" అంది. దాచకుండా చెప్పినందుకు ఆమె మీద గౌరవమే కలిగింది, కానీ డబ్బు తీసుకుని పచ్చి సబ్బు పంపడం మాత్రం తప్పే, ఆ మాట ఆమెతోనూ అన్నాను.

పది రోజుల సబ్బులో కాస్టిక్ సోడా మిగిలి ఉంటుందేమోనని చాలామందికి టెన్షన్. సరిగ్గా తూచి చేస్తే నూనె, సోడా కలిసిపోవడం మొదటి రెండు మూడు రోజుల్లోనే దాదాపు పూర్తవుతుంది. ఆ తర్వాత వారాల తరబడి జరిగేది ప్రధానంగా నీరు బయటికి పోవడం, దాంతోపాటు బిళ్ల లోపలి అమరిక బిగుసుకోవడం. నీరు పోయిన బిళ్ల గట్టిపడుతుంది, నిదానంగా అరుగుతుంది, నురగ బాగుంటుంది, చర్మం మీద కూడా మెత్తగా అనిపిస్తుంది. అదే చేతితో, అవే నూనెలతో చేసిన బిళ్ల ఆమె రెండు నెలల తర్వాత మళ్లీ పంపింది, ఈసారి కాగితం మీద కోసిన తేదీ రాసి. ఏడు వారాలు ఆరిన బిళ్ల అది. రెండూ ఒకటే సబ్బంటే వాడినవాళ్లెవరూ నమ్మరు. మొదటిది పన్నెండు రోజులు వస్తే ఇది నెల రోజులు వచ్చింది, నొక్కితే వేలిముద్ర పడలేదు, చివర్లో మిగిలిన సన్నటి పలక కూడా విరిగిందే కానీ జావ కాలేదు. నా ముంజేతి గీత పూర్తిగా పోయింది కూడా ఈ బిళ్లతోనే.

ఎందుకు పోయిందో ఒక మాట చెప్పాలి. నూనె, సోడా కలిసినప్పుడు సబ్బుతో పాటు గ్లిసరిన్ కూడా పుడుతుంది. కోల్డ్ ప్రాసెస్‌లో అది బిళ్లలోనే ఉండిపోతుంది. పెద్ద ఫ్యాక్టరీల్లో చాలావరకు దాన్ని వేరు చేసి విడిగా అమ్ముకుంటారు, ఫ్రాన్సులో మార్సెయి నగరపు పాత పద్ధతిలో కూడా ఉడికిన ముద్దని ఉప్పు నీళ్లతో కడిగినప్పుడు గ్లిసరిన్ ఆ నీళ్లతో పోతుంది. గ్లిసరిన్ తేమని పట్టి ఉంచే పదార్థం. దానికితోడు చేసేవాళ్లు సోడాని లెక్కకన్నా కాస్త తగ్గించి, సాధారణంగా 5 శాతం నూనె సబ్బుగా మారకుండా మిగిలేలా చూసుకుంటారు, దాన్ని సూపర్‌ఫ్యాట్ అంటారు. ఇది ఎంతని అడిగితే టక్కున చెప్పగలిగినవాళ్ల దగ్గర నేను ధైర్యంగా కొంటాను. ఏ నూనె ఎంత అన్నదీ ముఖ్యమే. కొబ్బరి నూనె ఎక్కువైతే నురగ బ్రహ్మాండంగా వస్తుంది, జిడ్డంతా వదిలిపోతుంది, దాంతోపాటు చర్మానికి అక్కర్లేనంతగా ఊడ్చేస్తుంది కూడా. అచ్చంగా కొబ్బరి నూనెతో చేసిన సబ్బు సముద్రపు నీళ్లలో కూడా నురగనిస్తుంది, అంత ఘాటుగా జిడ్డు వదిలిస్తుంది, అందుకే దాన్ని చేసేటప్పుడు సూపర్‌ఫ్యాట్ 20 శాతం దాకా పెడతారు. ఆముదం కొద్దిగా వేస్తే నురగ త్వరగా ఆరిపోకుండా నిలుస్తుంది. నాకు కుదిరిన బిళ్లలో సగం ఆలివ్, పావు వంతు కొబ్బరి, మిగతాది షియా బటర్ (షియా గింజల కొవ్వు), ఆముదం.

మూడోది హాట్ ప్రాసెస్, అంటే అచ్చులో పోయకముందే ఉడికించి సబ్బుగా మార్చేసేది. దీని గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. ముద్దని అచ్చులో కుక్కినట్టు పైన గరుకుగా ఉంటుంది, అక్కడక్కడా గాలి బుడగల గుంటలు. త్వరగా వాడుకోవచ్చన్నది నిజమే, కానీ "ఈ రోజు చేసి రేపు వాడొచ్చు" అని అమ్మేవాళ్లని నమ్మకండి, ఇందులోనూ నీళ్లుంటాయి, రెండు మూడు వారాలైనా ఆరితేనే నిలుస్తుంది. సువాసన మాత్రం దీంట్లో బాగా నిలిచింది, ఎందుకంటే ఉడకడం అయ్యాక కలుపుతారు, సోడా ఘాటు దానికి తగలదు. పనికొచ్చే సబ్బు, అంతే.

నాలుగోది మెల్ట్ అండ్ పోర్. అద్దంలా అవతలి వెలుగు కనిపించే బిళ్ల, లోపల ఎండు గులాబీ రేకులు. మా అక్క కూతురికి బాగా నచ్చింది, పిల్లలకి నచ్చేదే. కానీ తేమగా ఉన్న రోజు సబ్బుపెట్టె తెరిస్తే బిళ్లంతా చెమట పట్టినట్టు చిన్న చిన్న నీటి బొట్లు. పాడైపోయిందేమోనని కంగారు పడ్డాను. కాదు, ఇందులో విడిగా కలిపిన గ్లిసరిన్ ఎక్కువ, అది గాలిలోని తేమని లాక్కుంటుంది, అంతే. అందుకే దీన్ని కవర్ చుట్టే ఉంచాలి. రేకులు మాత్రం నెలకి గోధుమరంగుకి తిరిగి, స్నానం చేస్తుంటే ఒంటికి అంటుకుని చిరాకు పెట్టాయి. పూల రేకుల్లో సబ్బులో వేసినా రంగు నిలిచేది నాకు తెలిసి బంతిపువ్వులా ఉండే కలెండులా ఒక్కటే, లావెండర్ పూలు కూడా గోధుమరంగుకి మారిపోతాయి. ఇక అసలు సంగతి, ఈ పద్ధతిలో సబ్బు తయారీ అంటే రెడీమేడ్ బేస్ కొని, కరిగించి, రంగు, వాసన కలిపి అచ్చులో పోయడం. నూనె, సోడా ముట్టుకోరు. అందులో కళ ఉంది, కాదనను, చిన్నపిల్లలతో ఇంట్లో చేయించడానికి ఇంతకంటే భద్రమైన దారి లేదు. కానీ దాన్నీ ఆరు వారాలు ఆరబెట్టిన బిళ్లనీ ఒకే మాటతో అమ్మడం కొనేవాళ్లకి అన్యాయం. అమ్మేవాళ్లు ఏ పద్ధతిలో చేశారో లేబుల్ మీద రాస్తే ఏం పోయింది?

లేబుళ్ల మాట వచ్చింది కాబట్టి, నాకు బాగా కోపం తెప్పించినవి కొన్ని. "కెమికల్స్ లేవు, కాస్టిక్ సోడా వాడలేదు" అని ఒక బిళ్ల మీద ఉంది. క్షారం లేకుండా సబ్బు పుట్టదు. గట్టి బిళ్లకి సోడియం హైడ్రాక్సైడ్ (కాస్టిక్ సోడా అంటే ఇదే), మెత్తటి సబ్బుకి, ద్రవ సబ్బుకి పొటాషియం హైడ్రాక్సైడ్. పూర్వం కట్టెల బూడిద నీళ్ల నుంచి తీసింది కూడా క్షారమే, బూడిదలో పొటాషియం పాలు ఎక్కువ కాబట్టి దాంతో వచ్చేది మెత్తటి సబ్బు, దాన్ని గట్టిపరచడానికి ఉప్పు వాడేవాళ్లు. 1791లో ఫ్రాన్సుకి చెందిన నికోలా లెబ్లాంక్ మామూలు ఉప్పు నుంచి సోడా తీసే పద్ధతికి పేటెంట్ తెచ్చుకున్నాక బూడిద మీద ఆధారపడటం తగ్గింది, సబ్బు లోపల జరిగేదేమిటో మాత్రం 1823 నాటికి షెవ్రోల్ అనే ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త కొవ్వుల మీద చేసిన పరిశోధనతో తేలింది. చేసిన సబ్బులో సోడా సోడాగా మిగలదు, అది వేరే విషయం. "వాడాం, కానీ మిగల్లేదు" అని రాస్తే సరిపోయేదానికి అబద్ధం ఎందుకు? లేబుల్ మీద సోడియం ఆలివేట్, సోడియం కోకోయేట్ అని కనిపిస్తే అదేదో కెమికల్ అని భయపడకండి, ఆలివ్ నూనెతో, కొబ్బరి నూనెతో వచ్చిన సబ్బుకి పేర్లవి.

ఇంకొకటి, "పీహెచ్ 5.5 సహజ సబ్బు". పీహెచ్ అంటే ఎంత ఆమ్లం, ఎంత క్షారం అని చెప్పే కొలత. నూనె, సోడాలతో చేసిన నిజమైన సబ్బు పీహెచ్ 9, 10 దగ్గర ఉంటుంది, దాన్ని 5.5కి దించబోతే సబ్బు విరిగిపోయి మళ్లీ కొవ్వు ఆమ్లాలు తేలతాయి. 5.5 ఉన్న బిళ్లలు సబ్బు కావు, సిండెట్ అంటారు, వేరే శుభ్రపరిచే పదార్థాలతో చేసినవి. వాటిని నేను తక్కువ చేయట్లేదు, బాగా సున్నితమైన చర్మం ఉన్నవాళ్లకి అవే పడొచ్చు, ఎగ్జిమాలాంటివి ఉంటే నా రివ్యూ కాదు, డాక్టరు మాట వినండి. ఒక పెట్టెలో కార్డు మీద రోములో సాపో అనే కొండ దగ్గర సబ్బు పుట్టిందన్న కథ కూడా ఉంది, ఆ కొండ ఉందనడానికి ఆధారమే లేదు. మొదటి శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ సాపో అన్న మాట రాశాడు, అదైతే నిజం, కొవ్వు, బూడిదలతో గాల్ (ఇప్పటి ఫ్రాన్సు ప్రాంతం) ప్రజలు చేసే, జుట్టుకి ఎరుపు తెచ్చే పదార్థం అని. ఆ నిజమే కథకన్నా బాగుంది కదా.

నీళ్ల గురించి చెప్పకపోతే ఈ రివ్యూ సగమే. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న నీళ్లలో ఏ నిజమైన సబ్బయినా తెల్లటి తెట్టు కడుతుంది, బకెట్ అంచున, గోడ మీద కనిపించే జిగురు పొర అదే. నా నీళ్లు కూడా అలాంటివే, నాలుగూ తెట్టు కట్టాయి, రెండోది కాస్త తక్కువ. తర్వాత అడిగితే ఆ కోల్డ్ ప్రాసెస్ బిళ్ల అమ్మినామె తయారీలో కొంచెం సిట్రిక్ యాసిడ్ వేస్తానని చెప్పింది. అది సోడాతో కలిసి సోడియం సిట్రేట్ అయి ఆ లవణాల్ని పట్టుకుంటుంది. వేసినప్పుడు సోడా కొంచెం ఎక్కువ తీసుకోవాలట, లేదంటే సూపర్‌ఫ్యాట్ లెక్క తప్పుతుంది. ఇంత వివరంగా చెప్పినామే ముందు పచ్చి బిళ్ల పంపిందంటే, ఆర్డర్ల ఒత్తిడి ఎలాంటిదో అర్థమైంది.

ఇంత రాస్తూ నేను చేయకుండా తీర్పు చెప్పడం మనసుకి ఒప్పలేదు, అందుకే అర కిలో నూనెలతో ఒక బ్యాచ్ కోల్డ్ ప్రాసెస్‌లో చేశాను. వంద గ్రాముల ఆలివ్ నూనెకి దాదాపు 13.5 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్ కావాలి, అదే కొబ్బరి నూనెకైతే 18 గ్రాములు దాటుతుంది. నూనె మారితే లెక్క మారుతుంది కాబట్టి కప్పులతో, గరిటెలతో కొలిచే పని కాదిది, గ్రాముల్లో తూచాలి, ప్రతిసారీ లై కాలిక్యులేటర్‌లో (ఏ నూనెకి ఎంత సోడా కావాలో లెక్కకట్టేది) సరిచూసుకోవాలి. గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా మొదలుపెట్టకండి. సోడాని నీళ్లలో వేయాలి, సోడా మీద నీళ్లు పోయకూడదు, ఎగజిమ్ముతుంది. స్టవ్ వెలిగించకుండానే ఆ గిన్నె చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది, 80 డిగ్రీలు దాటింది. అల్యూమినియం గిన్నె అసలు వాడొద్దు, సోడా దాన్ని తినేసి హైడ్రోజన్ వాయువు వదులుతుంది.

స్టిక్ బ్లెండర్‌తో తిప్పుతుంటే పచ్చటి నూనె మెల్లగా పాలిపోయి, మీగడ రంగుకొచ్చి, గరిటె ఎత్తి ధార పోస్తే ఆ ధార పైన ఒక గీతలా నిలబడింది. దాన్నే ట్రేస్ అంటారు. అది నా చేతిలో కనిపించిన క్షణం ఎంత సంతోషం వేసిందో! అచ్చులో పోసి గుడ్డ కప్పితే రెండు గంటలకి నడిమధ్యన ముదురురంగు మచ్చ పుట్టి అంచుల వైపు పాకింది. అది జెల్ దశ, పాడవడం కాదు. మర్నాడు పైన బూజులాంటి తెల్ల పొడి, అది సోడా యాష్, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి ఏర్పడే పూత, తడి గుడ్డతో తుడిస్తే పోతుంది. కొన్న బిళ్ల మీద కనిపించినా వెనక్కి పంపకండి. నారింజరంగు మచ్చలు, పాతబడిన నూనె వాసన కనిపిస్తే మాత్రం తీసుకోకండి, అది నూనె చెడిపోయిన గుర్తు.

ఇప్పుడు కొనాలంటే నేనేం కొంటానో చెప్తా. ఒంటికి, రోజూ వాడకానికి, బాగా ఆరిన కోల్డ్ ప్రాసెస్ బిళ్ల, అయిదుకి నాలుగున్నర ఇస్తాను, ఆ అర ఆ మొదటి పచ్చి బిళ్లకి తగ్గించింది. అలెప్పో సబ్బుకి నాలుగు, వాసన అందరికీ పడదు కాబట్టి, చలికాలంలో మాత్రం అదే తీస్తాను. హాట్ ప్రాసెస్‌కి మూడు. మెల్ట్ అండ్ పోర్‌కి రెండున్నర, బహుమతిగా ఇవ్వడానికి బాగుంటుంది. ఎవరి దగ్గర కొన్నా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, "ఎప్పుడు కోశారండీ?" తేదీ చెప్పలేకపోతే, ఎంత అందంగా ఉన్నా, ఆ బిళ్లని ఇంటికి తెచ్చి నాలుగు వారాలు అరలో నిలబెట్టి ఆ తర్వాత వాడుకోండి. నా బ్యాచ్‌లో తొమ్మిది బిళ్లలొచ్చాయి, ఒక్కోదాని కింద పెన్సిలుతో తేదీ రాసి అల్మరా పైన ఆరబెట్టాను, వారానికోసారి తూస్తున్నాను. మూడు వారాలయింది, బరువు ఇంకా తగ్గుతూనే ఉంది.